జనసంఖ్యా పరిణామము: కొన్ని పారిభాషిక పదముల విచారణ

శాస్త్రము తెలుగున ప్రవేశించునప్పుడు ఒక్కొక్కసారి పదము ముందు వచ్చి అర్థము వెనుకబడును. మానవ భూగోళశాస్త్రమున జనసంఖ్యకు సంబంధించిన పదములకు నేడు అట్టి స్థితి పట్టినది. ఇవి తరగతిగదిని దాటి పత్రికలకును శాసనసభలకును ఎక్కినవి. ఇద్దరికి మించి సంతానము గలవారిని స్థానిక సంస్థల ఎన్నికలకు అనర్హులనుగా చేసిన నిబంధన ఆంధ్రప్రదేశమున 1994లో శాసనమునకెక్కినది. 2024లో ఆ రాష్ట్ర శాసనసభయే దానిని తొలగించినది. ముప్పది యేండ్లలో ఇంతటి మార్పునకు కారణమైన భావములను తెలుగు పాఠకుడు ఎట్లు గ్రహించుచున్నాడో విచారించుట భాషాధ్యాపకుల విధియని తలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఒక ప్రదేశపు జనసంఖ్య మారుటకు మార్గములు నాలుగే: జననము, మరణము, లోనికి వలస, వెలుపలికి వలస. జననముల నుండి మరణములను తీసివేయగా మిగులునది సహజవృద్ధి. దీనికి వలసల తేడాను కలిపినచో మొత్తము మార్పు తేలును. ఇందు తరచుగా జరుగు పొరపాటు, వృద్ధిరేటు తగ్గుటను జనసంఖ్య తగ్గుటగా భావించుట. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు దశాబ్ద వృద్ధిరేటు 1991-2001 నడుమ 14.59 శాతము, 2001-2011 నడుమ 10.98 శాతము. రేటు తగ్గినను, రెండవ దశాబ్దమున జనసంఖ్య 7,62,10,007 నుండి 8,45,80,777కు, అనగా 83 లక్షలకు పైగా పెరిగినది. భారతదేశ జనగణన చరిత్రలో దేశ జనసంఖ్య నిజముగా తగ్గిన దశాబ్దము 1911-1921 ఒక్కటియే. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అందులకు ముఖ్యకారణము.

జననరేటు, సంతానోత్పత్తి రేటు అనునవి పర్యాయపదములు కావు. మొదటిది వేయిమంది జనమునకు ఒక సంవత్సరమున కలుగు జననముల సంఖ్య. రెండవది, నేటి వయోవిశేష రేట్లే కొనసాగినచో ఒక స్త్రీకి తన ప్రసవయోగ్య వయస్సు ముగియునప్పటికి కలుగగల బిడ్డల సగటు. ఒక ఊహను గైకొందము. రెండు గ్రామములందు వేయేసి జనము గలరు. మొదటి గ్రామమున 15-49 ఏండ్ల స్త్రీలు 250 మంది, ఏటి జననములు 20. రెండవ దానిలో స్త్రీలు 150 మంది, జననములు 12. జననరేట్లు 20, 12గా వేరుపడినవి. కాని స్త్రీల సంఖ్యతో పోల్చి చూడగా రెండుచోట్లను నూటికి ఎనిమిదియే. భేదము స్త్రీల ప్రవర్తనలో లేదు, గ్రామముల వయోనిర్మాణమున గలదు.

ఇక్కడనే పదముల ఎన్నికలో ఒక చిక్కు గలదు. సంతానోత్పత్తి రేటును కొందరు 'సంతాన సాఫల్యత రేటు' అని వ్రాయుచున్నారు. మన పట్టణములందు 'సంతాన సాఫల్య కేంద్రము' అను పలకలు వైద్యశాలలకు గలవు. అచట ఆ మాటకు గర్భధారణ సామర్థ్యమని భావము. జనసంఖ్యాశాస్త్రము కొలుచునది సామర్థ్యమును కాదు, నిజముగా కలిగిన జననములను. ఈ రెంటిని ఒకే మాటతో చెప్పినచో, రేటు తగ్గినదని చదివినవాడు స్త్రీల శక్తియే తగ్గినదని తలచును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతము శస్త్రచికిత్సచే సంతాన నిరోధము పొందినవారు. ఇట్టిచోట తగ్గుదలను అశక్తతగా ధ్వనింపజేయుట న్యాయము కాదు. కావున జననములకు 'సంతానోత్పత్తి', శక్తికి 'ఉత్పాదక సామర్థ్యము' అని వేరుచేయుట మేలు.

తల్లిదండ్రుల తరము స్థానమును పిల్లల తరము సరిగా భర్తీచేయుటకు కావలసిన సగటు సుమారు 2.1. దీనిని పునఃస్థాపన స్థాయి అందురు. ఆడపిల్లలకంటె మగపిల్లలు కొంచెము ఎక్కువగా పుట్టుటచేతను, కొందరు బాలికలు పెద్దవారు కాకముందే మరణించుటచేతను రెండు చాలదు. పై సర్వేలోనే ఈ సగటు ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8, దేశమున 2.0, బీహారున 3.0. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2005-06 నాటికే 1.8కి దిగినది. మరి 2011 వరకు జనసంఖ్య ఏల పెరిగినది? ఒక్కొక్క స్త్రీకి బిడ్డలు తగ్గినను, వెనుకటి అధిక జననముల ఫలముగా తల్లులగు వయస్సువారు ఎక్కువగా నుండిరి, మరణములు తక్కువయ్యెను. దీనికి భౌతికశాస్త్రపు 'ద్రవ్యవేగము'ను అరువు తెచ్చుకొనుటకంటె 'జనసంఖ్యా ఊపు' అనుట సులభము. త్రోయుట మానినను ఊయెల కొంతసేపు ఊగును గదా! మరణములు ముందు తగ్గి, జననములు ఆలస్యముగా తగ్గు ఈ క్రమమునే జనసంఖ్యా పరివర్తన అందురు. 1929లో వారెన్ థాంప్సన్, 1945లో ఫ్రాంక్ నోటెస్టీన్ దీనిని వివరించిరి.

కడపటిది 'వలస'. ఇది మనకు చిరపరిచితమగుటచేతనే మోసపుచ్చును. పూర్వము శత్రుభయముననో, కరవుననో ఇల్లు విడిచిపోవుట దీని యర్థము. ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊరిపేళ్లలో అది వచ్చి నిలిచిన చోటునకు పేరైనది. పాలమూరు కూలీల విషయమున పోవుటను తెలుపుచున్నది. జనగణన మాత్రము జన్మస్థానమును బట్టియు, వెనుకటి నివాసమును బట్టియు వలసను నిర్ణయించును. ఆ లెక్కలో స్త్రీల వలసకు ప్రధానకారణము వివాహము. కాపురమునకు పోయిన ఆడపడుచును తెలుగువాడు వలసపోయినదని ఎన్నడును అనడు. గణనమున ఆమె వలసరాలు. గణననాటికి ఇల్లు చేరిన కూలివాడు మనకు వలసవాడు. గణనమున అతడు జారిపోవచ్చును.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడినది. క్రొత్త లెక్కలు వెలువడినప్పుడు ఈ మాటలన్నియు మరల ప్రతి నోటను వినబడును. అప్పుడు రేటును సంఖ్యగను, ఇష్టమును అశక్తతగను, కాపురమును వలసగను పొరబడకుండ చదువగలవారిని ముందుగా తయారుచేయుట తరగతిగదిలోని మన పని.