చిలగడదుంప 'పై': అమెరికా దక్షిణాది పండగ వంట, తవ్విన రోజే ఎందుకు వండరంటే (వీడియోతో)

పోయిన వీడియోలో చిలగడదుంప తీగ ముక్కలకి బీజామృతం పట్టించడం చూశారు. ఈసారి అదే దుంపతో వంట వీడియో పెట్టాను. ప్రకృతి వ్యవసాయం చానల్‌లో ఈ బేకింగ్ గోలేంటి అని నవ్వేవాళ్లు నవ్వండి, పర్లేదు. కానీ ఈ వంటలో సగం పని పొలంలో, దుంప దాచే గదిలో జరుగుతుంది. ఆ సగం మనం చేయకుండా దుంపని తవ్విన సాయంత్రమే బస్తాల్లో కుక్కి మార్కెట్‌కి పంపేస్తున్నాం. వ్యాపారి చెప్పిన రేటుకి తలూపి వస్తున్నాం. మా ఊళ్లో ఈ పంట మానేసినవాళ్లు చాలామందే ఉన్నారు, కారణం అడిగితే అందరూ రేటే చెప్తారు.

ముందు పేర్ల సంగతి. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో కందగడ్డ, కొన్నిచోట్ల రత్నపురిగడ్డ. అన్నీ ఒకటే. అమెరికాలోనూ ఇలాంటి గందరగోళమే ఉంది. అక్కడ నారింజ రంగు చిలగడదుంపని చాలామంది 'యామ్' అంటారు. నిజానికి యామ్ అంటే మన పెండలం జాతి, వేరే కుటుంబం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనానికి వాళ్ల ఊళ్లలో పెండలం ముఖ్యమైన తిండి. అమెరికాలో దాని స్థానంలో వాళ్లకి దొరికింది చిలగడదుంప, పాత పేరు దీనికి అంటుకుంది.

ఇక 'పై' అంటే 'మీద' అని కాదండీ. మైదా, వెన్నతో పల్చటి తొడుగు చేసి, గుండ్రటి పళ్లెంలో పరిచి, అందులో పూర్ణం పోసి ఓవెన్‌లో కాల్చే తీపి వంట. బొబ్బట్టులో పూర్ణం లోపల దాక్కుంటుంది, ఇందులో పైన కనపడుతుంది. చిలగడదుంప పైకి అడుగున ఒక్క తొడుగే, మీద మూత ఉండదు. నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్‌కి, తర్వాత క్రిస్మస్‌కి దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా నల్లజాతి కుటుంబాల్లో ఇది లేకుండా పండగ బల్ల నిండదు. ఉత్తరాది వాళ్లు అదే పండక్కి గుమ్మడికాయతో చేసుకుంటారు. ఎవరిది గొప్ప అని అక్కడ ఏటా సరదా పోట్లాట నడుస్తూనే ఉంటుంది. నేను దుంప రైతుని కాబట్టి నా ఓటు ఎటో మీకు తెలుసు.

ఈ వంటని కాగితం మీద పెట్టినవాళ్లలో ఆబీ ఫిషర్ అనే ఆవిడ ఉంది. దక్షిణ కరోలినాలో బానిసత్వంలో పుట్టి, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో చేరి వంటలతో పేరు తెచ్చుకుంది. చదవడం రాయడం రాకపోయినా, తను చెప్తుంటే వేరేవాళ్లు రాయగా 1881లో వంటల పుస్తకం వచ్చింది. అందులో చిలగడదుంప పై ఉంది. ఉడికిన దుంపని వేడిగా ఉండగానే చిల్లుల గిన్నెలో రుద్ది తియ్యమంటుంది, కమలాపండు రసం, తొక్క తురుము వేస్తుంది. ఆ కమలా తొక్క చిట్కా నేను చేసి చూశాను, చాలా బాగుంది.

మన ప్రకృతి వ్యవసాయం వాళ్లు అంతకన్నా ముఖ్యంగా తెలుసుకోవాల్సిన మనిషి జార్జ్ వాషింగ్టన్ కార్వర్. ఈయన కూడా బానిసత్వంలోనే పుట్టాడు. చదువుకుని 1896లో అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థలో వ్యవసాయ విభాగానికి వచ్చాడు. చుట్టూ ఉన్నవి ఏళ్ల తరబడి పత్తి ఒక్కటే వేసి సారం చచ్చిన నేలలు. రైతులేమో ఎరువు కొనలేని పేదలు, చాలామంది కౌలుదార్లు. అడవిలో రాలిన ఆకు, చిత్తడి నేలల్లోని నల్లమట్టి పోగేసి కుళ్లబెట్టి పొలానికి వేసుకోండి, పత్తి తర్వాత అలసంద, వేరుశనగ, చిలగడదుంప వేయండి అని చెప్పాడాయన. 1906లో గుర్రపు బండి మీద పనిముట్లు పెట్టుకుని ఊరూరా రైతులకి చేసి చూపించే ఏర్పాటు కూడా మొదలైంది. అలసంద నేలకి నత్రజని ఇస్తుంది, చిలగడదుంప తీగ నేలంతా కప్పేస్తుంది. మనం జీవామృతం, ఆచ్ఛాదన అంటున్న దానికి ఈ ఆలోచన ఎంత దగ్గరో చూడండి.

కార్వర్ చిలగడదుంప మీద రైతుల కోసం రాసిన చిన్న పుస్తకంలో దుంప ఎలా దాచాలి, ఎలా వండాలి రెండూ కలిపే ఉంటాయి. పై చేసే పద్ధతి కూడా అందులోనే. దాల్చినచెక్క, అల్లం, ఒక్క లవంగం వేయమంటాడు. పంట మార్చమని చెప్పి ఊరుకోకుండా, పండిన దుంపని ఏం చేసుకోవాలో కూడా రైతింటికి చెప్పడం నాకు బాగా నచ్చింది. డిప్లొమాలో మాకు దుంప పంటలు చెప్పారు గానీ, కోత తర్వాత సంగతి ఒక్క పేరాలో తేల్చేశారు.

ఇప్పుడు అసలు విషయం. మా అక్క ఉత్తర కరోలినాలో ఉంటుంది. అమెరికా మొత్తం పండించే చిలగడదుంపలో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రానిదే. అక్క వాళ్ల పక్కింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ ఏటా క్రిస్మస్‌కి ఈ పై ఇస్తుంటుంది. మా పొలంలో దుంప తవ్వామని, దాంతో పై చేస్తామని వీడియో కాల్‌లో చెప్తే, "ఎప్పుడు తవ్వారో ముందు మీ తమ్ముణ్ణి అడుగు" అందట ఆవిడ. నిన్ననే అన్నాను. "అయితే ఇంకో నెల ఆగమను" అని ఆవిడ జవాబు.

ఆవిడ చెప్పింది ముమ్మాటికీ సైన్సే. అక్కడ మే, జూన్‌లో నారు నాటి సెప్టెంబర్, అక్టోబర్‌లో తవ్వుతారు. తవ్విన దుంపని సుమారు 30 డిగ్రీల వేడిలో, 85 నుంచి 90 శాతం తేమలో ఓ వారం ఉంచుతారు. దీన్నే క్యూరింగ్ అంటారు. తవ్వేటప్పుడు తగిలిన గీతలు, చెక్కుళ్లు ఆ వారంలో కొత్త పొర కట్టి మూసుకుపోతాయి, కుళ్లు లోపలికి పోదు. తర్వాత 13 నుంచి 15 డిగ్రీల గదిలోకి మారుస్తారు. అక్కడ దుంప లోపలి పిండి కొద్దికొద్దిగా చక్కెరగా మారుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచేసరికి థాంక్స్‌గివింగ్ వస్తుంది. ఆ పండక్కే ఆ వంట ఎందుకు కుదిరిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. దుంప బాగా తియ్యబడే రోజులు, పండగ రోజులు ఒకే చోట కలుస్తాయి.

పొయ్యి మీద ఇంకో మార్పు జరుగుతుంది. దుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దుంప లోపలి వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు అది పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. ఇంకా వేడెక్కితే ఎంజైమ్ పనిచేయడం ఆగిపోతుంది. అందుకే తొక్కతో నిదానంగా కాల్చిన దుంప తియ్యగా, మైక్రోవేవ్‌లో అయిదు నిమిషాల్లో వండింది చప్పగా ఉంటుంది. మన తాతలు కుంపట్లో, బూడిదలో పెట్టి కాల్చింది ఊరికే కాదు.

మేం ఇంట్లో రెండు లాట్లు చేసి చూశాం. ఒకే చేను దుంప. తవ్విన మర్నాడు ఒక పై, క్యూరింగ్ చేసి అయిదు వారాలు ఉంచాక ఇంకో పై. మొదటిదానికి చక్కెర 200 గ్రాములు పూర్తిగా పట్టింది, అయినా నోట్లో పిండి పిండిగానే ఉంది. రెండోదానికి 140 సరిపోయింది. వీడియోలో రెండు ముక్కలూ పక్కపక్కన చూపించాను, రంగులోనే తేడా తెలుస్తుంది.

మన దగ్గర క్యూరింగ్ ఎలా అంటారా? చల్లని గది మనకి లేదు గానీ మొదటి వారానికి కావాల్సిన వేడి మన దగ్గర ఊరికే దొరుకుతుంది. తవ్వే ముందు మూడు నాలుగు రోజుల క్రితం తీగ కోసేయండి, తోలు కాస్త గట్టిపడుతుంది. తవ్విన దుంప కడగొద్దు, విసరొద్దు, ఎండలో వదలొద్దు. క్రేట్లలో పేర్చి నీడ షెడ్లో పెట్టి, చుట్టూ తడి గోనెపట్టాలు వేలాడదీయండి. పట్టా దుంపకి తగలకూడదు. ఉల్లిపాయ ఆరబెట్టినట్టు ఇది ఆరబెట్టడం కాదండి, ఉల్లికి పొడి గాలి కావాలి, దీనికి తేమ గాలి కావాలి. అయిదు నుంచి ఏడు రోజులు చాలు. తర్వాత గాలి ఆడే చీకటి గదికి మార్చండి. చలికాలం పంటైతే నాలుగైదు వారాలు మాకు బాగానే ఆగింది. వేసవి పంట మొలకలేస్తుంది, దాన్ని ఆపే పని పెట్టుకోవద్దు. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు. 10 డిగ్రీల కంటే చల్లబడితే లోపల గట్టి గడ్డ కడుతుంది, ఎంత ఉడికించినా మెత్తబడదు.

ముక్కుపురుగు తొలిచిన దుంప ఒక్కటి కూడా క్రేట్‌లోకి వెళ్లకూడదు. పక్క దుంపలకి పాకుతుంది. పుచ్చు దుంప చేదుగా ఉంటుంది, పశువులకి కూడా పెట్టొద్దు, వాటి ఊపిరితిత్తులకి హాని చేస్తుంది.

రకం గురించి ఒక మాట. అక్కడ పైకి వాడేది నారింజ కండ ఉన్న తడి దుంప. లూసియానాలో తయారైన బోరెగార్డ్, ఉత్తర కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ల కోవింగ్టన్ బాగా నడుస్తాయి. మనకి ఎక్కువగా ఉండేది ఎర్ర తోలు, తెల్ల కండ, పిండి ఎక్కువ, నీరు తక్కువ. శివరాత్రికి ఉడకబెట్టుకుని తినడానికి అదే బాగుంటుంది. పైకి మాత్రం తిరువనంతపురం దుంప పంటల పరిశోధన సంస్థ వాళ్ల భూ సోనా లాంటి నారింజ రకం వేయండి. కెరోటిన్ ఎక్కువ, రంగు వేయక్కర్లేదు. తెల్లదే ఉంటే పాలు ఇంకో పావు కప్పు కలపండి.

ఇక వంట. 9 అంగుళాల పళ్లేనికి లెక్క చెప్తున్నాను.

తొడుగుకి మైదా 160 గ్రాములు, ఉప్పు చిటికెడు, చల్లటి వెన్న 110 గ్రాములు. వెన్నని పిండిలో వేళ్ల కొసలతో నలపండి, బఠాణీ గింజంత పలుకులు మిగలాలి. ఐస్ నీళ్లు మూడు నాలుగు చెంచాలు చల్లి ముద్ద చేయండి. చపాతీ పిండిలా మర్దన చేస్తే తొడుగు సాగి గట్టిపడుతుంది, ఇక్కడ మన చేతివాటం అదుపులో పెట్టుకోవాలి. ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఒత్తి, పళ్లెంలో పరిచి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి.

దుంపలు 650 గ్రాములు తొక్కతోనే 200 డిగ్రీల ఓవెన్‌లో గంట పైన కాల్చండి. నీళ్లలో ఉడికిస్తే పూర్ణం పల్చబడుతుంది. తొక్క తీసి వేడి మీదే జల్లెడలో రుద్దితే పీచు పైన ఆగిపోతుంది. మెత్తటి గుజ్జు 450 గ్రాములు కావాలి. అందులో వెన్న 100 గ్రాములు కలిపి, చక్కెర 140 నుంచి 200 గ్రాములు, చిక్కటి పాలు అర కప్పు, గుడ్లు రెండు, జాజికాయ పొడి అర చెంచా, దాల్చినచెక్క పొడి అర చెంచా, వెనిల్లా ఒక చెంచా, ఉప్పు చిటికెడు. అక్కడ డబ్బాలో దొరికే చిక్కబెట్టిన పాలు వాడతారు, మనం గేదె పాలు సగానికి మరిగించి చల్లార్చితే అంతకన్నా బాగుంటుంది. చక్కెరలో సగం బెల్లం పొడి వేసినా బాగుంది, రంగు ముదురుతుంది.

175 డిగ్రీల్లో 50 నుంచి 60 నిమిషాలు. అంచులు బిగిసి, మధ్యలో కొంచెం వణుకుతుండగానే తీసేయాలి. మధ్య కూడా గట్టిపడేదాకా ఉంచితే చల్లారాక పగుళ్లిస్తుంది. కనీసం రెండు గంటలు కదపకుండా వదలండి, పూర్ణం అప్పుడే గట్టిగా కూర్చుంటుంది. గుడ్డు తినని ఇంట్లో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ వేసి చేశాం. అది వాళ్ల పై అనలేం గానీ, మా అమ్మ రెండు ముక్కలు తింది.

అమ్మకం సంగతి అడిగేవాళ్లకి. 2015లో గాయని పాటీ లబెల్ పేరుతో వాల్‌మార్ట్ అమ్మిన చిలగడదుంప పై, ఒక అభిమాని వీడియో తర్వాత దుకాణాల్లో స్టాకే లేకుండా అయిపోయింది. మనం పైలు అమ్మాలని నేననను. గుడ్లూ పాలూ ఉన్న వంట, రెండు గంటల్లో చల్లారగానే ఫ్రిజ్‌కి వెళ్లాలి, మూడు నాలుగు రోజులకి మించి ఆగదు. అది బేకరీ పని. మనం అమ్మాల్సింది క్యూరింగ్ చేసిన నారింజ దుంప. డిసెంబర్‌లో క్రిస్మస్ ఆర్డర్లు తీసుకునే ఇంటి బేకర్లు ప్రతి టౌన్లో ఉన్నారు. కాల్చిన దుంప ఒక ముక్క, తవ్విన తేదీ రాసిన క్రేట్ ఒకటి పట్టుకుని వెళ్లండి. నేను పోయిన ఏడాది ఇద్దరికి ఇచ్చాను, ఈ ఏడాది ఇద్దరూ తీగ నాటకముందే అడిగారు. ఆగస్టు చివర్లో నాటితే డిసెంబర్ మొదటికి తవ్వొచ్చు గానీ, అయిదు వారాలు ఆగేసరికి క్రిస్మస్ దాటిపోతుంది. అందుకే ఈసారి నేను జూలై మొదటి వారంలోనే నాటుతున్నాను. తీగ ముక్కలు కావాల్సినవాళ్లు ఇప్పుడే చెప్పండి.