చిత్రం నిజమే, గొంతు అబద్ధం

గోరువెచ్చని నీళ్ళ తొట్టి. ఒక చేయి కరిగిన మైనాన్ని, మొదట తెల్లనిది, దాని ప్రక్కనే పచ్చనిది, నీటి మీద పోస్తుంది. అది పలుచని పొరగా పరచుకుంటుంది. ఆ చేయి పొర అంచు పట్టి నీటిలోకి లాగి, ముడతలు పెట్టి, ఉండగా చుట్టి పైకి తీస్తుంది. కత్తితో నడిమికి కోస్తే లోపల ఆకు మీద ఆకు! చూసేవారి నోట మాట రాదు. అంతలో వెనుక నుండి ఒక గొంతు వినిపిస్తుంది: ఇది నకిలీ క్యాబేజీ, మన బజారులోకి వచ్చేసింది, మీ పిల్లలకు తినిపిస్తున్నారు, పదిమందికీ పంపండి.

ఆ చేతి పనిలో మోసం లేదు. అది జపానులో తరతరాలుగా సాగుతున్న ఒక వృత్తి. అక్కడి భోజనశాలల ముందు అద్దాల అరలలో, లోపల దొరికే వంటకాల నమూనాలను పేర్చి ఉంచుతారు. భాష రాని బాటసారి కూడా ఏది కావాలో వేలితో చూపవచ్చు. గుజో హాచిమన్ అనే చిన్న పట్టణంలో పుట్టిన ఇవాసాకి తకిజో అనే వ్యక్తి 1932లో ఒసాకా నగరంలో ఈ మైనపు వంటకాల వ్యాపారాన్ని ఆరంభించాడు. ఆయన మొదట మెప్పు పొందిన నమూనా ఒక ఆమ్లెట్టు. నేడు చాలా నమూనాలు మైనానికి బదులు ప్లాస్టిక్‌తో తయారవుతున్నాయి. అయినా గుజో హాచిమన్ వెళ్ళిన యాత్రికులు ఈ మైనపు ఆకుకూరను స్వయంగా చేసి, ఇంటికి జ్ఞాపికగా తీసుకువెళ్తారు. దాన్ని ఎవరూ తినరు, తినిపించరు. చిత్రం ముమ్మాటికీ నిజం. దానికి అతికించిన గొంతు మాత్రమే అబద్ధం.

ఆహారం గురించీ, శరీరం గురించీ ఫోన్లలో తిరిగే వింతలు చాలావరకు ఇటువంటివే. కళ్ళు చూసినదాన్ని నమ్మడం మానవ స్వభావం. చెవి విన్నది ఆ నమ్మకం వెంట దొంగతనంగా లోపలికి వస్తుంది. కోడిగుడ్డు పెంకు కింది నుండి కాగితం వంటి పొరను ఊడదీసి ‘ప్లాస్టిక్ గుడ్డు’ అని చూపే వీడియో ఉంది కదా, ఆ పొర ప్రతి గుడ్డులోనూ ఉంటుంది. అది మాంసకృత్తులతో ఏర్పడినది. గుడ్డు పాతబడే కొద్దీ లోపలి తేమ తగ్గి, గాలి చేరి, ఆ పొర ఎండి గట్టిపడుతుంది. అంటే ఆ గుడ్డు నకిలీది కాదు, నిలవది. దుకాణదారుణ్ణి నిలదీయదలిస్తే నిలవ సరుకు అమ్మినందుకు నిలదీయవచ్చు.

ముస్లిం ఇళ్ళలో మరీ ఎక్కువగా తిరిగే సందేశం మరొకటి ఉంది. బిస్కెట్ల పొట్లం మీద ‘ఇ’ అక్షరంతో ఉండే సంఖ్యలన్నీ పంది కొవ్వుకు గుర్తులని అందులో ఒక పొడవైన పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో 100వ సంఖ్య కూడా కనిపిస్తుంది. అది పసుపు నుండి తీసే రంగు! 300 అంటే విటమిన్ సి. 330 అంటే నిమ్మపండులో ఉండే పులుపే. అలాగని అన్నీ నిశ్చింత కలిగించేవి కావు. 441 జెలటిన్, అది జంతువుల చర్మం, ఎముకల నుండి వస్తుంది. ఏ జంతువుదో విచారించవలసిందే. 471 మొక్కల నూనె నుండీ రావచ్చు, జంతువుల కొవ్వు నుండీ రావచ్చు. మన దేశంలో అమ్మే పొట్లం మీద పచ్చని శాకాహార గుర్తు ఉంటే ఈ రెండింటి విషయంలో సందేహం తీరుతుంది. హలాల్ విషయంలో జాగ్రత్త మన ధార్మిక బాధ్యత. కాని పసుపును హరామ్ జాబితాలో చేర్చే జాగ్రత్త ధర్మం ఎలా అవుతుంది?

అతికించిన గొంతు ఎంత కీడు చేయగలదో మన సముదాయానికి వేరెవరో చెప్పనవసరం లేదు. 2020 వసంతంలో కరోనా భయం దేశాన్ని కమ్మిన రోజులలో ఒక వీడియో ఊరూరా తిరిగింది. టోపీలు ధరించిన కొందరు పళ్ళేలను, గిన్నెలను నాకుతున్నారు. వీరు కావాలనే రోగం వ్యాపింపజేస్తున్నారని దాని వెంట ఒక మాట. నిజానికి అది అంతకు ముందెప్పుడో తీసిన పాత వీడియో. అందులో ఉన్నవారు దావూదీ బోహ్రా సముదాయం వారు. ఒక్క మెతుకు కూడా వృథా కాకూడదని వారు పళ్ళేన్ని శుభ్రంగా ముగిస్తున్నారు. పళ్ళెంలో మిగిలిన ఏ మెతుకులో శుభం ఉందో మనకు తెలియదని, కనుక వేళ్ళను, పళ్ళేన్ని ఊడ్చి తినమని దైవప్రవక్త (సల్లం) బోధించిన సంగతి మన పిల్లలకు తెలుసు. అన్నం పట్ల గౌరవాన్ని చూపే దృశ్యాన్ని ఒక్క వాక్యంతో విషప్రయోగంగా మార్చారు. ఆ రోజులలో బండి మీద పండ్లు, కూరగాయలు అమ్ముకునే మన సోదరులను పేరు అడిగి వీధిలోకి రానివ్వని చోట్లు ఉన్నాయి.

కనుకనే ‘ప్లాస్టిక్ బియ్యం’ వీడియోను మన వారే ఉత్సాహంగా పంపుకోవడం చూసినప్పుడు మాకు బాధ కలుగుతుంది. 2017 జూన్ నెలలో హైదరాబాదు నగరంలో ఈ పుకారు పెద్ద గగ్గోలు పుట్టించింది. అన్నాన్ని ముద్ద చేసి నేలకు కొట్టగా బంతిలా ఎగిరిందని చూపారు. అధికారులు నమూనాలు తీసుకుని పరీక్షించగా అవి బియ్యమేనని తేలింది. అన్నం ముద్ద ఎందుకు ఎగురుతుంది? బియ్యంలో ఎక్కువ భాగం పిండి పదార్థం. అది నీటిలో ఉడికినప్పుడు ఉబ్బి జిగురు తేలుతుంది. దాన్ని గట్టిగా నొక్కి ఉండ చేస్తే సాగే గుణం వస్తుంది. మన దాదీలు, నానీలు చేసిన ఏ అన్నపు ముద్దను విసిరినా అలాగే ఎగిరేది. వారు అన్నాన్ని నేలకు కొట్టేవారు కారు, అంతే తేడా. బియ్యాన్ని నిప్పు మీద పెడితే మండింది అంటారు. రొట్టె కూడా మాడి బొగ్గవుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగి, సాగి, చుక్కలుగా కారుతుంది. అన్నిటినీ మించినది రోజూ పొయ్యి దగ్గర నిలబడే తల్లులకు తెలుసు: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు పోస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయి? గింజ త్రాగి ఉబ్బుతుంది. ప్లాస్టిక్ నీళ్ళు త్రాగదు. పైగా ముడి ప్లాస్టిక్ ధర మామూలు బియ్యం ధర కంటే ఎక్కువ. నష్టపడి కల్తీ చేసే వర్తకుడు ఎక్కడుంటాడు?

ఇక్కడితో ఆగి ఉంటే దీన్ని నవ్వి వదిలివేయవచ్చు. కాని 2021 ఆగస్టు 15న, పేదలకిచ్చే బియ్యాన్ని పోషకాలు కలిపి ఇస్తామని ప్రధానమంత్రి ఎర్రకోట నుండి ప్రకటించారు. ఆ తరువాత చౌకధరల దుకాణాలకు, బడులలో మధ్యాహ్న భోజనానికి, అంగన్‌వాడీలకు ఫోర్టిఫైడ్ బియ్యం రావడం మొదలైంది. దాని తయారీ చిత్రమైనదే. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి తడిపి, యంత్రంలో ఒత్తి మళ్ళీ గింజ ఆకారానికి తెస్తారు. సేమ్యా ఒత్తినట్లే అనుకోండి. ఎండిన ఆ గింజలను నూరు కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. అవి కొంచెం వేరే రంగులో ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని తేలుతాయి. తేలిన ఆ గింజను చూడగానే పాత వీడియో గుర్తుకు వస్తుంది. ‘ఇదిగో ప్లాస్టిక్!’ తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్నో ఇళ్ళలో స్త్రీలు చేటలో పోసుకుని, కళ్ళు చిట్లించి, ఆ గింజలనే ఒక్కొక్కటిగా ఏరి పారవేశారు. కొందరు కడుగు నీళ్ళతో పాటు వంపేశారు.

ఆ గింజ ఎవరి కోసం వచ్చిందో ఆలోచించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ వయసు గల మన దేశపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మెట్లెక్కితే ఆయాసపడే, కాన్పు తరువాత తేరుకోలేని మన కోడళ్ళు, కూతుళ్ళు ఆ లెక్కలోని వారే. వారికి రావలసిన పిడికెడు ఇనుమును వారి చేతితోనే చెత్తబుట్టలో వేయించింది ఒక నిమిషం వీడియో. బియ్యంలో పోషకాలు కలపడం ఎంతవరకు మేలు అన్న విషయంలో వైద్యుల మధ్య చర్చ ఉంది. థలసీమియా వంటి వ్యాధి గలవారు వైద్యుణ్ణి అడగకుండా ఇనుము ఎక్కువగా తీసుకోకూడదు. ఆ చర్చ జరగవలసినదే. కాని అది ప్లాస్టిక్ అనడం ఆ చర్చలో భాగం కాదు.

సూరా హుజురాత్ ఆరవ ఆయతులో, నమ్మదగని వాడు వార్త తెస్తే విచారించమని అల్లాహ్ విశ్వాసులను ఆజ్ఞాపించాడు. విచారించకపోతే తెలియక ఒక జాతికి హాని చేసి, పిదప పశ్చాత్తాప పడవలసి వస్తుందని కారణం కూడా చెప్పాడు. మదరసాలో ఈ ఆయతు చెప్పినప్పుడు విద్యార్థులు యుద్ధాల గురించీ, రాజుల గురించీ ఆలోచిస్తారు. రేషన్ దుకాణదారుడు, గుడ్లమ్మే ముసలమ్మ వారి తలపుకు రారు.

మొన్న ఒక విద్యార్థి, “హజ్రత్, విచారించడం అంటే మేము ఎవరిని అడగాలి? మా అమ్మీ చదువుకోలేదు” అన్నాడు. మంచి ప్రశ్న. మరునాడు వాణ్ణే ఇంటి నుండి గుప్పెడు రేషన్ బియ్యం తెమ్మన్నాము. తేలే గింజలను ఒక సాసరులో, మునిగే గింజలను మరొక సాసరులో వేయించి, కాసిని వేడినీళ్ళు పోసి చల్లారనిచ్చాము. గాయాలకు రాసే అయోడిన్ మందును ఒక్కొక్క చుక్క వాటి మీద వేశాము. పిండి పదార్థానికి అయోడిన్ తగిలితే ముదురు నీలి రంగు వస్తుంది, ప్లాస్టిక్‌కు రాదు. పదిహేను తలలు సాసర్ల మీద వంగాయి. క్షణంలో రెండు సాసర్లూ ఒకే నీలం. మందు పడిన ఆ గింజలు తినడానికి పనికిరావని చెప్పి పక్కన పెట్టించాము. మిగిలిన బియ్యాన్ని, తేలే గింజలతో సహా, వాడు రుమాలులో మూటగట్టి అమ్మీకి ఇవ్వడానికి తీసుకువెళ్ళాడు.