బాలింతరాలి బడలిక

నవజాతశిశువు అహోరాత్రమునకు 8 మొదలు 12 పర్యాయములు స్తన్యము గ్రోలును. నిద్రలేక సోలిపోయిన తల్లిని జూచి, ‘పాలు చాలవు’ అని తీర్పు చెప్పి, ఇంటివారు పోతపాలకు పూనుకొనుచున్నారు. ఇది పొరపాటు. బిడ్డ కుడిచినకొలదియు పాలు ఊరును. పోతపాలు పెరిగినకొలదియు చనుబాలు తగ్గును. పథ్యమను పేర బాలింతరాలికి దాహమునకు నీరైన నీయకుండుట మఱియొక క్రౌర్యము. చనుమొనలు పగిలినచో బిడ్డకు చన్నందించు తీరు సరిదిద్దవలెను. స్తనము ఎఱ్ఱబాఱి జ్వరము వచ్చినను, బిడ్డ బరువు పెరుగకున్నను వైద్యునకు చూపవలెను.

2017 నాటి చట్టసవరణము సంస్థలలో పనిచేయు స్త్రీలకు, మొదటి యిద్దఱు బిడ్డలవఱకు, 26 వారముల సెలవు నొసగినది. ఇంటిచాకిరికి సెలవొసగు చట్టము లేదు. దానిని గృహస్థుడే యొసగవలెను. మాతృదేవతయని స్తుతించుటకంటె, వంటపని తాను చూచుకొని, ఆ తల్లిని నాలుగు గడియలు నిద్రింపనిచ్చుట మేలు.