వార్తల్లో పదం: మల్టీ క్యాంపస్ చర్చి

ఒకే నాయకత్వం, ఒకే పేరు, ఆరాధన మాత్రం చాలా చోట్ల. ప్రధాన కేంద్రంలోని ప్రసంగాన్ని కొన్ని చర్చిలు మిగతా ప్రాంగణాల్లో తెరపై చూపిస్తాయి, పాటలు మాత్రం అక్కడి యువ బృందమే పాడుతుంది. గిటారు, డ్రమ్స్, వెలుగుల వేదిక కుర్రకారును రప్పిస్తాయి. 1983లో సిడ్నీలో మొదలైన హిల్‌సాంగ్ చర్చి ఈ పద్ధతితోనే ఖండాలు దాటింది.

హైదరాబాద్‌లో మియాపూర్ దారిలోని హఫీజ్‌పేటలో మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2005లో పాస్టర్ సతీశ్ కుమార్ ప్రారంభించిన కల్వరి టెంపుల్ వేలమంది పట్టే మందిరం కట్టుకుంది, ఇతర ఊళ్లకూ శాఖలు విస్తరించింది. ఆదివారం ఒక్క ఆరాధన చాలదు, వరుసగా జరపాల్సిందే. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కాలంలో భక్తులే గుడికి నడిచివచ్చేవారు. ఇప్పుడు చర్చే వారున్న చోటికి వెళుతోంది.

ఊరు వదిలి ఉద్యోగానికి వచ్చిన పిల్లలకు ఇలాంటి చర్చిలో తోడు దొరుకుతుంది. అది చిన్న మేలు కాదు. అయితే ఒక్కరి చుట్టూ అల్లుకున్న సంస్థకు ఆ ఒక్కరే బలహీనత కూడా. 2022లో హిల్‌సాంగ్ వ్యవస్థాపకుడు బ్రయన్ హ్యూస్టన్ రాజీనామా వేళ అమెరికాలోని పలు క్యాంపస్‌లు ఆ సంస్థ నుంచి విడిపోయాయి. చేరేముందు లెక్కలు ఎవరు చూస్తారో, పాస్టరును ఎవరు ప్రశ్నించగలరో అడిగి తెలుసుకోండి.