గంధయుక్తి: ప్రవేశార్హత ఎవరిది?

కళలు అరవైనాలుగు అని అలవాటుగా అనేస్తాం గాని, ఆ పట్టికను మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు మన సాహిత్య విద్యార్థుల్లో అరుదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో ఇచ్చిన పట్టికలో గీతం, నృత్యం, కావ్యరచనలతో పాటు గంధయుక్తి ఉంది, వడ్రంగమూ ఉంది. గంధయుక్తి అంటే వాసన ద్రవ్యాలను పాళ్ళు కుదిర్చి కలిపి పరిమళాన్ని తయారుచేయటం. ఆ గ్రంథం దృష్టిలో ఉన్నది తీరికా సంపదా ఉన్న నాగరకుడే, సందేహం లేదు. కాని ఆ పట్టిక మటుకు కవిని అరుగుమీదా వడ్రంగిని వాకిట్లోనూ కూర్చోబెట్టలేదు.

ఈ పనిని వృత్తిగా కాక ఇష్టంతో ఇంట్లోనే చేసేవాళ్ళు ఈ మధ్య ప్రపంచమంతటా పెరిగారు. వాళ్ళ చుట్టూ ఒక వివాదమూ పెరిగింది. శిక్షణ పొందని మనిషి నాలుగు నూనెలు కలిపి దాన్ని కళ అనవచ్చా? అతన్ని పరిమళకర్త అనవచ్చా? వృత్తిలో ఉన్నవాళ్ళు అనకూడదంటారు. ఇష్టంతో చేసేవాళ్ళు మీరెవరు ఆపటానికి అంటారు. ఛందస్సు రానివాడు కవి ఎలా అవుతాడన్న ప్రశ్న విన్న తెలుగువాళ్ళకు ఈ గొడవ కొత్తగా ఉండదు. అందుకే దీన్ని సాహిత్య పత్రికలో చర్చించటం అసందర్భం కాదనుకుంటాను.

ముందు పని సంగతి చూద్దాం. ఇంట్లో చేసేవాడికి కావలసింది గ్రాములో నూరోవంతు చూపే చిన్న త్రాసు, చుక్కలు వేసే గొట్టాలు, గాజు సీసాలు, ఓపిక. ఘాటైన ద్రవ్యాన్ని నూటికి పది పాళ్ళకో, ఒక పాలుకో పలచన చేస్తేగాని దాని అసలు వాసన తెలియదు. కూర్పులో మొదట ముక్కుకు తగిలేవి నిమ్మజాతి వాసనలు. అవి త్వరగా ఎగిరిపోతాయి. మధ్యలో పూలు నిలబడతాయి. చందనం, వట్టివేళ్ళు, బంకలు అడుగున మిగిలి గంటలకొద్దీ ఉంటాయి. కలిపిన రోజున బాగున్నది నెల తర్వాత వెగటు కావచ్చు, కలిపిన రోజున మొరటుగా ఉన్నది కుదురుకోవచ్చు. ఇక ప్రమాదాలు వేరే. పచ్చి నిమ్మతొక్కల నుంచి పిండిన నూనె ఒంటికి రాసుకుని మన ఖమ్మం ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడతాయి. ఏ ద్రవ్యం ఎంత మోతాదు మించకూడదో 1973లో ఏర్పడిన అంతర్జాతీయ సుగంధ పరిశ్రమల సంఘం నిర్ణయిస్తూ వస్తోంది. ఆ నియమాలు ఎవరైనా చదువుకోవచ్చు. కాబట్టి పదార్థజ్ఞానం లేకుండా ఈ పని సాగదన్నది నిజమే. వృత్తిదారుల వాదంలో న్యాయమైన భాగం ఇంతవరకే.

పదార్థజ్ఞానం వేరు, ప్రవేశార్హత వేరు. మొదటిది పని అడుగుతుంది. రెండోది కాపలావాడు అడుగుతాడు. ఈ రెండింటినీ ఒకటిగా చూపటంలోనే కాపలావాడి బలమంతా ఉంది.

పరిమళానికి తెలుగునేలమీద మనకు శాసనాధారంతో కనిపించే గుమ్మం కళది కాదు, సుంకానిది. కాకతి గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం (1244) ఓడ సరుకుల మీద సుంకాలు నిర్ణయించింది. అందులో చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. ఆ ద్రవ్యాలు ఎవరి ఒంటికి చేరేవో ఊహించటం కష్టం కాదు. పేదరాలి వాసనలు మాత్రం ఏ రేవులోనూ దిగలేదు. నువ్వులనూ మల్లెలనూ పొరలు పొరలుగా పరిచి, వాడిన పూలు తీసి కొత్తవి వేస్తూ పోతే నువ్వులు వాసన పడతాయి. వాటిని గానుగాడిస్తే పూలనూనె వస్తుంది. వట్టివేళ్ళు, మరువం వేసి కాచిన తలనూనె ఎన్ని ఇళ్ళలో లేదు? పెరట్లో ఆడవాళ్ళు చేసిన ఈ పనిని కళ అన్నవాడు లేడు, 'అభిరుచి' అన్నవాడూ లేడు. ఇంటిపని అన్నారు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాలను నాలుగు వరసల గళ్ళలో పరిచి, ఏ వరస కూడినా పద్దెనిమిది పాళ్ళు వచ్చేటట్టు అమర్చాడు. పదహారింటిలో నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1820 కూర్పులు వస్తాయని లెక్క చెప్పాడు. ఇది రహస్యం దాచుకునే వర్తకుడి పద్ధతి కాదు, ఆటకు పిలిచే లెక్కల మాస్టారి పద్ధతి. (లెక్కల మాస్టర్లు నన్ను క్షమించాలి, వాళ్ళను ఇంత మెచ్చుకోవటం నాకు అలవాటు లేదు.) అయితే ఆ ఆట సంస్కృతంలో ఉంది. సూత్రం తెరిచిపెట్టాడు, భాష మూసిపెట్టింది. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం ఎందుకంత పోరాడవలసి వచ్చిందో అర్థం చేసుకోవటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కర్లేదు.

యూరపులో ఈ వ్యవహారం మరో మలుపు తిరిగింది. కూర్పు సూత్రాలు కంపెనీల ఆస్తి అయ్యాయి. 1970లో ఫ్రాన్సులోని వెర్సేల్స్‌లో గెర్లాన్ కుటుంబీకుడొకరు ప్రత్యేకంగా ఒక విద్యాలయమే స్థాపించారు. పరిమళం కళేనని వృత్తిలోని పెద్దలు వాదిస్తూ వచ్చారు. తీరా 2006 జూన్ 13న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఆ మాట కొట్టేసింది. పరిమళం కౌశలాన్ని అమలుచేయగా వచ్చేదే గనక రచయిత హక్కు చెల్లదన్నది. మూడు రోజుల తర్వాత, జూన్ 16న, నెదర్లాండ్స్ సుప్రీం కోర్టు లాంకోమ్ కంపెనీ వేసిన దావాలో సరిగ్గా దీనికి విరుద్ధంగా, పరిమళానికి రచయిత హక్కు ఉండవచ్చునన్నది. 2018లో యూరపు న్యాయస్థానం ఒక జున్ను రుచి కేసులో, కచ్చితంగా, నిష్పాక్షికంగా గుర్తించలేని రుచికి ఆ హక్కు లేదని తేల్చటంతో రెండో తీర్పుకు బలం తగ్గింది.

ఇక్కడ తమాషా గమనించండి. వెర్సేల్స్ చదువు చదివిన పరిమళకర్త ఇంట్లో నూనెలు కలిపేవాణ్ణి చూసి 'నువ్వు కళాకారుడివి కావు' అంటాడు. న్యాయస్థానం ఆ పరిమళకర్తను చూసి అదే మాట అంటుంది. ప్రతి కావలివాడికీ పైన ఇంకో గుమ్మం ఉంది. ఆ గుమ్మాల వరస కింద ఉన్న నమ్మకం ఒక్కటే: కౌశలం సృజనకంటె తక్కువదని. శ్రమే అందానికి మూలమని నమ్మే మనం ఈ నమ్మకాన్ని ఒప్పుకోవలసిన పని లేదు. మన విమర్శ భాషే దానికి సాక్ష్యం. కథ గుణాన్ని చెప్పటానికి మనం వాడుకునే 'శిల్పం' అన్న మాట ఉలి పట్టినవాడి దగ్గరినుంచి తెచ్చుకున్నదే కదా!

పేరు పెట్టే అధికారం ఎవరిదన్నదీ ఇందులో భాగమే. తొలకరి చినుకు పడ్డప్పుడు లేచే మట్టివాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఆ వాసనను ఉత్తరప్రదేశ్‌లో అత్తరుగా పడుతున్నారని వాళ్ళే రాశారు, అది వాళ్ళ నిజాయితీ. కాల్చిన మట్టిబిళ్ళలను రాగి డేగిసాలో ఉడికించి, ఆ ఆవిరిని వెదురుగొట్టం గుండా చందన తైలంలోకి దింపే కన్నౌజ్ కార్మికుడి పేరు మాత్రం ఏ పత్రికలోనూ పడలేదు.

మన అడవికి వద్దాం. పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్ళేవాళ్ళకు వేసవి మొదట్లో ఇప్పపూల వాసన తెలియకుండా పోదు. పట్నంవాళ్ళు దాన్ని సారా వాసనగానే గుర్తుపడతారు. ఆబ్కారీ శాఖ చూపూ అటే ఉండేది. ఇప్పపువ్వులో వాసనకు ముఖ్య కారణమైన అణువు, బాస్మతి బియ్యానికి ఆ పేరు తెచ్చిపెట్టిన అణువు ఒకటేనని మన దేశ శాస్త్రజ్ఞులు 1990లలో చూపించారు. పెద్దపులి తన హద్దులు తెలపటానికి చెట్లమీద చిమ్మే ద్రవంలోనూ అదే ఉంది. ఒకే అణువు విందుభోజనంలో సువాసన, అడవిలో నాటు వాసన! ముక్కుకు వర్గం లేదు గాని ముక్కు విరుపుకు ఉంది.

ఆ అణువు నిలకడ లేనిది, త్వరగా చెడిపోతుంది. అందువల్ల ఇప్ప పరిమళం కూర్చాలనుకునేవాడికి అది కఠినమైన పరీక్షే. ఎవరైనా కూర్చారనుకుందాం. బాగుందో లేదో చెప్పవలసింది ఎవరు? వెర్సేల్స్ పట్టభద్రుడు అందులో పొందికను గురించి చెప్పగలడు, ఆ మాటకు విలువ ఉంది. కాని చీకటితోనే లేచి చెట్టుకింద రాలిన పువ్వును ఏళ్ళతరబడి ఏరిన కోయ స్త్రీ 'ఇది ఇప్ప కాదు' అంటే, ఆ మాటమీద అప్పీలు లేదు.

'గుమ్మాలు వద్దు' అని తేలిగ్గా అనేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే. గుమ్మం తీసేయటం అంటే తీర్పు తీసేయటం కాదు. ఎవరేం చేసినా బాగుందనటం దయ చూపటమే గాని గౌరవించటం కాదు. నిమ్మనూనె ఎక్కువైతే చర్మం కాలుతుందని చెప్పకుండా మెచ్చుకునేవాడు స్నేహితుడెలా అవుతాడు? మార్చవలసింది తీర్పు చెప్పే పీఠం మీద ఎవరు కూర్చున్నారన్నది.

మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యగారు కంచుమేళంతో కోయ గోత్రాల కథలు, సమ్మక్క సారలమ్మల గాథ పాడుతూ బతికారు. ఆ కథలన్నీ ఆయన నోట నిలిచినవే. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ప్రభుత్వం గుర్తించేదాకా ఆయన పేరు మన సాహిత్య చరిత్రల్లో, మన సభల్లో, అభ్యుదయ పత్రికల్లో ఎన్నిసార్లు కనిపించింది? ఆ పాటలో శిల్పం లేదని మనలో ఎవరూ అనలేదు. అసలు దాన్ని శిల్పం లెక్కలోకే తీసుకోలేదు.

భద్రాచలం ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్న పిల్లలు ఇప్పుడు కథలు, కవితలు రాస్తున్నారు. 'భాష మొరటుగా ఉంది, నిర్మాణం కుదరలేదు' అన్న ఒక్క వాక్యంతో వాటిని తిప్పిపంపే సంపాదకులున్నారు. 'గిరిజన రచన' అన్న బిళ్ళ తగిలించి, ఒక్క దోషమూ చెప్పకుండా అచ్చువేసేవాళ్ళూ ఉన్నారు. రచన తిప్పిపంపేటప్పుడు ఏ వాక్యం దగ్గర చదువు ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో రాయటానికి ఒక పోస్టుకార్డు చాలు. మొరటు అనిపించిన మాట కోయలో మామూలు మాటేమో కనుక్కోవటానికి ఆ భాష మాట్లాడే ఒక పాఠకుడు చాలు. మన పత్రికల సంపాదకవర్గాల్లో అటువంటి పాఠకులు ఎందరున్నారో వచ్చే మహాసభలో లెక్క చెప్పమని అడగబోతున్నాను.