తన్నడం మానేసిన పిస్టల్

ఉస్మానియా క్యాంపస్‌కి ఆటో మాట్లాడుకునేవాళ్లకి ఎన్‌సీసీ గేటు అంటే దిగాల్సిన చోటు, అంతే. ఎన్‌సీసీలో చేరినవాళ్లకి మాత్రం ఆ మూడక్షరాలతో పాటు ఒక అంకె కూడా గుర్తుంటుంది: పాయింట్ టూ టూ. మన కాలేజీ పిల్లల్లో చాలామంది జీవితంలో మొదట పేల్చేది, ఆఖర్న పేల్చేది కూడా ఆ .22 రైఫిలే. దాని తూటా వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1887లో తయారుచేసినప్పటి నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. ఇత్తడి తొడుగు ఎంత పల్చనంటే, నిప్పు పుట్టించే మందును వేరే మూతలో పెట్టకుండా అడుగంచు మడతలోనే నింపేస్తారు. సుత్తి మొన ఆ అంచును కొడితే మడత చితికి మందు అంటుకుంటుంది. ఖర్చు తక్కువ, భుజాన్ని తన్నడమూ తక్కువ. ప్రపంచమంతా తుపాకి నేర్చుకునేవాళ్లకి అదే పలకా బలపం.

ఇదే తూటా పట్టే పిస్టల్‌తో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పోటీలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం గెలిచింది. అక్కడే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఇంకో రెండు రజతాలు వచ్చాయి. అంతకుముందు 2018లో, పదమూడేళ్ల వయసులో, మను భాకర్, హీనా సిద్ధూ లాంటివాళ్లను దాటి జాతీయ ఛాంపియన్ అయింది కూడా ఎయిర్ పిస్టల్‌తోనే. ఆ పిస్టల్‌లో మందూ లేదు, మంటా లేదు. ఉన్నది గాలి.

తార్నాకలో ఎవరైనా “పిస్టల్ కొందామనుకుంటున్నా, ఏది మంచిదంటారు?” అని అడిగితే, దేనికి అని ఎదురు ప్రశ్న వెయ్యక తప్పదు. ఆత్మరక్షణకి అంటే దారి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద నగర పోలీసు కమిషనర్ దగ్గర లైసెన్సు పుట్టాలి. అది పుట్టినా సైన్యం, పోలీసులు వాడే 9 మిల్లీమీటర్ల పిస్టల్ సాధారణ పౌరుడికి నిషిద్ధం. అందుకే మన దేశంలో లైసెన్సున్న ఇళ్ల బీరువాల్లో తరచుగా కనిపించేది .32 రివాల్వర్. దాని తూటా కూడా పాతదే, 1896 నాటి స్మిత్ అండ్ వెసన్ సరుకు. 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమని ‘నిర్భీక్’ పేరుతో తెచ్చిన అరకిలో రివాల్వర్‌కీ అదే బోరు. ఎన్నికల కోడ్ రాగానే ఇలాంటివన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోమంటారు. ప్రమాదం వాయిదా వేసుకోదన్న సంగతి వేరే.

వెంట తిప్పుకునే తుపాకిని సంచిలో, జేబులో ఉండటానికి తయారుచేస్తారు. గొట్టం పొట్టి. సుత్తి ముందే ఎక్కించి లేకపోతే ట్రిగ్గర్ మీద కొన్ని కిలోల బలం పెట్టి లాగాలి. పొరపాటున పేలకుండా ఉండాలంటే అలాగే ఉండాలి మరి. గురి కుదరనివ్వని గుణాలు కూడా సరిగ్గా అవే. ఒకే తుపాకితో రక్షణా, రేంజి సరదా రెండూ తీరతాయని చెప్పే దుకాణదారు మాట నేను నమ్మను. అలాగని .32 తూటాను తీసిపారెయ్యడానికీ లేదు. మొన లేకుండా చదునుగా పోతపోసిన రకం కాగితం మీద పంచింగ్ మిషన్ కొట్టినంత శుభ్రంగా చిల్లు చేస్తుంది కాబట్టి సుత్తి అంచుకి బదులు అడుగు మధ్యలో కొట్టే సెంటర్ ఫైర్ తూటాల పోటీల్లో దాన్నే ఎక్కువగా వాడతారు. 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణాకి స్వర్ణం వచ్చింది ఆ విభాగంలోనే.

గాలితో కాల్చడం కొత్తేమీ కాదు. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం దగ్గర జిరార్డోని రైఫిల్ ఉండేది. భుజానికి ఆనించుకునే మడమ భాగమే దాని గాలి బుడ్డి. పొగ లేదు, పెద్దగా చప్పుడు లేదు, వరసగా ఇరవై గుళ్లు. కానీ దాన్ని నింపడానికి వందల సార్లు పంపు కొట్టాలి, అతుకులు ఊరికే కారేవి. సైన్యం వదిలేసింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా గాలి తుపాకి పిల్లల చేతుల్లో, తిరునాళ్లలో బతికింది. మన నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే స్టాల్ దాని వారసత్వమే.

దాని దశ తిప్పింది యుద్ధంలో ఓడిపోవడం. జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఓబర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరుంది. మౌజర్ రైఫిళ్లు పుట్టిన ఊరు అది. 1945 తర్వాత అక్కడి కర్మాగారాన్ని ఫ్రెంచివాళ్లు విప్పి పట్టుకుపోయారు. జర్మన్లు తుపాకులు తయారుచెయ్యకూడదన్నారు. మౌజర్‌లో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు, కార్ల్ వెస్టింగర్, ఎర్న్‌స్ట్ ఆల్టెన్‌బర్గర్, కలిసి పెట్టిన సంస్థే ఫైన్‌వెర్క్‌బావ్. ఆంక్షలు సడలుతున్న కొద్దీ వాళ్లు ఎయిర్‌గన్‌ల మీద పడ్డారు. అప్పటిదాకా సైనికుడి భుజానికి దెబ్బ తగిలినా ఫరవాలేదు, శత్రువుకి ఇంకా గట్టిగా తగలాలి అనుకున్న బుర్రలు, ఇప్పుడు అసలు దెబ్బే తెలియకుండా చెయ్యడం ఎలా అని ఆలోచించడం మొదలుపెట్టాయి.

చిక్కంతా స్ప్రింగుతో. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు విడివడి పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ఆ పిస్టన్ గాలిని నలిపి గుండును నెడుతుంది. కానీ గుండు ఇంకా గొట్టంలో ఉండగానే బరువైన పిస్టన్ కదలిక వల్ల పిస్టల్ మొత్తం ముందొకసారి, వెనకొకసారి ఊగుతుంది. గుండు బయటికొచ్చేసరికి గొట్టం గురిపెట్టిన చోట ఉండదు. 1965లో వచ్చిన ఫైన్‌వెర్క్‌బావ్ 65 దీనికి కనిపెట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. గొట్టాన్నీ స్ప్రింగునీ కలిపి పట్టాల మీద కూర్చోబెట్టారు. పేలేటప్పుడు ఆ భాగమంతా పట్టాల మీద వెనక్కి జారుతుంది, చేతిలో ఉన్న పిడి మాత్రం కదలదు. ఊపును ఆపలేదు, చేతిదాకా రానివ్వలేదు.

తర్వాతి తరాలు స్ప్రింగునే తీసేశాయి. ఒక్కసారి మీట నొక్కి గాలి కూరే రకం వచ్చింది, కార్బన్ డయాక్సైడ్ సీసాలది వచ్చింది. ఆ వాయువు ఒత్తిడి ఎండాకాలం ఒకలా, చలికాలం ఒకలా ఉండేది. మన మే నెలలో దానితో ఎంత తిప్పలో ఊహించుకోవచ్చు. చివరికి స్థిరపడింది సుమారు 200 బార్ల ఒత్తిడితో ముందే గాలి నింపిన సిలిండర్. మధ్యలో ఉండే రెగ్యులేటర్ ప్రతి గుండుకీ ఒకే ఒత్తిడి కొలిచి ఇస్తుంది. 1988లో సియోల్‌లో ఎయిర్ పిస్టల్ ఒలింపిక్ పోటీ అయింది. గుండు బరువు అర గ్రాము, వేగం సెకనుకు 150 మీటర్ల దాకా. లెక్కేస్తే ఆరు జౌళ్ల లోపే. 9 మిల్లీమీటర్ల తూటాకి 500 దాకా ఉంటుంది. అయినా ఆరు జౌళ్లు కన్ను పోగొట్టడానికి చాలు. రేంజిలో గొట్టంలోంచి రంగు తాడు దూర్చి తుపాకి ఖాళీ అని నలుగురికీ కనిపించేలా పెట్టడం అందుకే. మన నిబంధనల ప్రకారం 20 జౌళ్లు మించని, 4.5 మిల్లీమీటర్ల బోరు దాటని ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. .22కి మాత్రం ఉండాల్సిందే.

కొనేవాళ్లకి ఇక్కడ బ్రాండు పేరు మీద ఉండే మోజు నాకు అంతుపట్టదు. స్టెయిర్, మోరిని, వాల్తర్, ఏదైనా సరే, బిగించి కాలిస్తే గుళ్లన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. తేడా చేతి దగ్గర వస్తుంది. ఈ పోటీలో పిస్టల్‌ను ఒంటిచేత్తో, చెయ్యి చాచి పట్టాలి. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు. వాటి వరస ఒక్క మిల్లీమీటరు తప్పితే పది మీటర్ల అవతల అది ముప్పై మిల్లీమీటర్ల తప్పు. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. గుండు అంచు తాకినా పదే ఇస్తారు కాబట్టి లెక్కకి సైట్ల వరసలో పావు మిల్లీమీటరు వెసులుబాటు దొరుకుతుంది. అందుకే మొదట చూసుకోవాల్సింది చెక్క పిడి. అరచేతికి ఎక్కడా ఖాళీ లేకుండా అమరాలి. అమరకపోతే ఆకురాయి పట్టి అరగదీసుకునేవాళ్లూ, కర్రపొడి లప్పం పెట్టి నింపుకునేవాళ్లూ ఉన్నారు. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుండాలని నియమం. నిర్భీక్ మొత్తం బరువంత. 25 మీటర్ల పోటీ .22 పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం కిలో.

గుండు ఎంపిక ఇంకో పిచ్చి. నడుము సన్నగా, తల చదునుగా, వెనక బోలుగా ఉండే సీసపు పెల్లెట్ ఇది. గాలి తోసినప్పుడు బోలు అంచు విచ్చుకుని గొట్టం లోపలి మరల్ని పట్టుకుంటుంది. తల కొలతలు 4.48, 4.49, 4.50 అని డబ్బాల మీద రాసి అమ్ముతారు. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. పెద్ద పోటీలకి వెళ్లేవాళ్లు నప్పిన బ్యాచ్ దొరికితే డబ్బాలకు డబ్బాలు కొని దాచుకుంటారు. మొదలుపెట్టేవాళ్లకి ఈ గొడవ అనవసరం. వాళ్లకి కావాల్సింది గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్. దానికి గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ రేంజి దాకా నగరం ఈ కొస నుంచి ఆ కొసకి పోనక్కర్లేదు. తార్నాకలో ఇంటి గోడ మీద నల్ల చుక్క పెట్టుకున్నా జరుగుతుంది.

ఇన్ని తగ్గించుకుంటూ వచ్చిన యంత్రం సీసాన్ని మాత్రం వదిలించుకోలేకపోయింది. .22 రేంజిలో గుండు వెనక భాగం నుంచీ, అంటించే మందు నుంచీ సీసం గాల్లో కలుస్తుంది. పెల్లెట్లతో వేళ్లకి అంటుతుంది. రక్తంలో చేరిన సీసం హిమోగ్లోబిన్ తయారీకి అడ్డం పడుతుంది. తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అక్కడి వైద్యుల్ని అడిగినా చెప్పే సంగతి ఒకటుంది: ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు సీసాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటాయి. రక్తహీనత ఇంత ఉన్న మన దగ్గర, రేంజిలో సమోసా తినే పిల్లల చేతులు కడిగించడం కోచ్ పనుల్లో మొదటిది కావాలి.

యూరోపియన్ యూనియన్ ఇప్పటికే 2023 నుంచి చిత్తడి నేలల మీద సీసపు రవ్వల వేటను నిషేధించింది. ఎయిర్‌గన్‌లకి తగరం పెల్లెట్లు వస్తున్నాయి. తగరం సీసంలో మూడింట రెండు వంతుల బరువే. గట్టిది కూడా, అందుకని మరల్ని అంత మెత్తగా పట్టుకోదు. సీసం కోసం అరవై ఏళ్లుగా సరిచేసుకుంటూ వచ్చిన గొట్టాన్నీ వాల్వునీ దానికోసం మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాలి.