చెన్నూరు చరిత్ర - అంతర్జాలాధారముల విమర్శ

పరిశోధక విద్యార్థులు మాకు చూపు వ్యాసములలో ఇప్పుడు వ్రాతప్రతుల పేర్లు తగ్గి, అంతర్జాలపుటల చిరునామాలు పెరిగినవి. ఇందు దోషము లేదు. ఆ పుటను సాక్షిగా నిలుపుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను అడుగకుండుటయే దోషము.

నిదర్శనముగా చెన్నూరును గైకొందము. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో గోదావరీతీరమున నున్న యీ యూరి పేరుతో వెదకినచో, కడప జిల్లాలో పెన్నాతీరపు చెన్నూరును కలిసి వచ్చును. ఆ రెండవ యూరికి చెందిన వాక్యమొకటి మా విద్యార్థి సిద్ధాంతవ్యాసపు చిత్తుప్రతిలో గోదావరి యొడ్డునకు చేరెను. మొదటి పఠనమున మేమును దానిని గుర్తింపలేదు.

పేరును వ్రాయు తీరు మరియొక చిక్కు. ఇరువదవ శతాబ్దిలోని తొలి దశకమునాటి ఇంపీరియల్ గెజిటీరు ఈ తాలూకాను 'చిన్నూరు' అని పేర్కొన్నది. ఆ సంపుటములను చికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయమున చదువవచ్చును. కాని నేటి వర్ణక్రమముతో వెదకినవారికి అది చిక్కకపోవచ్చును. చిక్కనిది లేనిదని నిర్ణయించుట తగదు. చెన్నూరు 2016 అక్టోబరు 11న ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. 2011 జనగణన లెక్కలు మాత్రము ఆదిలాబాదు క్రిందనే యుండును. కావున జిల్లాపేరు భేదించినంతమాత్రమున ఒక పుటను తప్పనరాదు. అది ఎన్నడు వ్రాయబడినదో చూడవలెను.

అన్నిటికన్న మోసకరమైనది సంఖ్యాబలము. అగస్త్యేశ్వరాలయ కాలమును గూర్చి పది పుటలు ఒకే మాట చెప్పినచో, విద్యార్థికి ధైర్యము కలుగును. ఆ వాక్యము అవే అక్షరదోషములతో పదింటను కనబడినచో అవి పది సాక్ష్యములు కావు, ఒక్కటే. పరిష్కర్తలమైన మనకిది క్రొత్త కాదు. బ్రౌనుదొర పండితులచేత ప్రతులను సరిపోల్పించిన నాటినుండియు, సమానదోషములు ఏకమాతృకను సూచించుననుట మన శాఖలో నెరిగినదే. తాటాకునకు వర్తించిన న్యాయము తెరకేల వర్తింపదు? మాతృకలో శాసనపాఠము గాని, శాసనసంపుటపు పుటసంఖ్య గాని లేనిచో ఆ కాలనిర్ణయమును విడిచిపెట్టుడని మా సలహా.

అయినను ఒక పుటను సాంతముగా త్రోసివేయనక్కరలేదు. ఇచ్చట గోదావరి ఉత్తరవాహిని యను మాటను సర్వే ఆఫ్ ఇండియా పటముతో పరీక్షింపవచ్చును. అగస్త్యప్రతిష్ఠను పటము తేల్చదు; దానిని స్థలపురాణముగానే ఉదాహరింపవలెను. ఉదాహరించునపుడు పుటను చూచిన తేదీని వ్రాసి, ఇంటర్నెట్ ఆర్కైవువారి వేబ్యాక్ మెషీనులో దాని ప్రతిని నిలుపుకొనుడు. పరీక్షకులు చూచునాటికి మూలపుట ఉండకపోవచ్చును.